నల్లమాడలో ఏముందని వ్రాయాలి?

ఈ వారం టపాలో నల్లమాడ నుంచి ఒక ఉత్తరం వచ్చింది. 2022 ఏప్రిల్ దాకా అనంతపురం జిల్లాలోనూ, ఆ తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న ఊరు. జిల్లా పేరు మారింది గాని పైన ఆకాశం మారలేదు. వ్రాసిన ఆమె ఒక తల్లి. పేరు వెయ్యవద్దన్నారు కనుక వెయ్యడం లేదు. సంగతి మాత్రం నలుగురికీ పనికి వచ్చేదే.

ఆమె కూతురు బి.బి.ఏ. చదువుతోంది. వ్యాపార నిర్వహణలో డిగ్రీ అన్నమాట. చదువు చివర ఒక పరిశోధనా వ్యాసం వ్రాసి ఇవ్వాలి. పిల్లలు దాన్ని ముద్దుగా "ప్రాజెక్టు బుక్కు" అంటారు. టౌన్లో ఒకచోట ఆ బుక్కు తయారుగా దొరుకుతుందట. పేరూ, కాలేజీ పేరూ మార్చి, నీలం అట్ట వేసి, దానిమీద బంగారు అక్షరాలు అచ్చొత్తి చేతికిస్తారట. "అందరూ అదే తెచ్చుకుంటా ఉండారు, నేనొక్కదాన్నే ఎందుకు చావాల?" అని అమ్మాయి పోరు పెడుతోంది. తల్లి నన్ను అడిగింది ఇది: "అక్కయ్య గారూ, చెనిక్కాయలమ్మిన దుడ్డుతో ఆ బుక్కు కొనియ్యమంటారా, వద్దంటారా? వద్దంటే, మా నల్లమాడలో చెనిక్కాయలూ రాళ్ళూ తప్ప ఏముండాయని పిల్ల రాస్తుంది?"

మొదటి ప్రశ్నకి జవాబు ఒక్క మాట: కొనవద్దు. రెండవదానికి ఈ పేజీ అంతా కావాలి.

ముందు ఈ థీసిస్ గొడవ ఎక్కడిదో తల్లులు తెలుసుకోవడం మంచిది. 2020-21లో మన రాష్ట్ర ఉన్నత విద్యామండలి తెచ్చిన పాఠ్యప్రణాళికలో మూడేళ్ళ డిగ్రీకి పదినెలల ఇంటర్న్‌షిప్ చేర్చారు. మొదటి ఏడు కాగానే రెండు నెలలు సామాజిక సేవా ప్రాజెక్టు, రెండో ఏడు కాగానే ఇంకో రెండు నెలలు, మూడో ఏట ఒక సెమిస్టరు అంతా అని అప్పటి ఏర్పాటు. 2022 డిసెంబరులో యు.జి.సి. ప్రకటించిన చట్రంలో నాలుగేళ్ళ ఆనర్సు డిగ్రీ వచ్చింది. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, ఆపైన మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏట పరిశోధన పుచ్చుకోవచ్చు. దానికి 12 క్రెడిట్ల వ్యాసం వ్రాయాలి. 2024-25 నుంచి బి.బి.ఏ. చదువు అఖిల భారత సాంకేతిక విద్యామండలి పరిధిలోకి వెళ్ళింది. నియమాలు ఇలా మారుతూ ఉన్నప్పుడు పక్కింటి పిల్ల చెప్పింది నమ్మడం క్షేమం కాదు. తన బ్యాచికి ఏది వర్తిస్తుందో, ఎన్ని పేజీలో, ఎప్పటిలోగా ఇవ్వాలో మీ అమ్మాయి కాలేజీలో అడిగి కాగితం మీద వ్రాయించుకోవాలి.

ఇక కొన్న బుక్కు సంగతి. ఇతరుల వ్రాత తనదని చెప్పుకోవడం మీద యు.జి.సి. 2018లో నియమాలు చేసింది. పోలిక పది శాతం మించితే మళ్ళీ వ్రాయాలి, నలభై మించితే ఏడాది ఆగాలి, అరవై మించితే పేరే కొట్టేస్తారు. అయితే ఆ నియమాలు థీసిస్‌లకూ, డిసర్టేషన్లకూ గాని, మామూలు ప్రాజెక్టు రిపోర్టులకు వర్తించవని అందులోనే ఉంది. ఈ సందు చూసుకునే కాబోలు ఈ బేరాలు సాగుతున్నాయి. అంతకన్న కొత్త వింత కూడా వచ్చింది. ఇప్పుడు కంప్యూటరుని అడిగితే కానీ ఖర్చు లేకుండా అరగంటలో నూరు పేజీలు వ్రాసి పెడుతుంది. కొన్నదయినా, యంత్రం వ్రాసిందయినా, రెండింటికీ ఒకటే లోటు. నల్లమాడలో కొట్టాయన ఆవర్జాలో ఏముందో ఆ రెండింటికీ తెలియదు.

పరీక్షకుడి ముందు కూర్చున్నప్పుడు ఆ లోటు బయటపడుతుంది. "ఈ అంకె నీకెక్కడిదమ్మా?" అని ఆయన ఒక్క ప్రశ్న వేస్తే చాలు. రేపు బెంగుళూరులో ఉద్యోగమిచ్చే ఆయనా ఇదే అడుగుతాడు. తాను తిరిగి, తాను వ్రాసుకున్న అంకె అయితే అమ్మాయి ఇంగ్లీషు తడబడినా జవాబు తడబడదు.

మీ రెండో ప్రశ్నలో ఉన్నది చాలా పాత అనుమానం. పెరటి చెట్టు మందుకు పనికిరాదని సామెత ఉంది చూడండి, అదే. వ్యాపారమంటే ఎక్కడో ఉంటుందనీ, దాన్ని గురించి వ్రాయాలంటే పెద్ద కంపెనీ కావాలనీ మన పిల్లలు నమ్ముతారు. పెనుకొండ దగ్గర 2019లో కియా కార్ల ఫ్యాక్టరీ పని మొదలుపెట్టింది కనుక అటువైపు పిల్లలకు దాని మీద వ్రాయాలని సరదా ఉండడం సహజం. కాని ఎంత మంచి ఫ్యాక్టరీ అయినా దారినపోయే డిగ్రీ విద్యార్థినికి తన లెక్కల పుస్తకం విప్పి చూపదు. చివరికి అమ్మాయి వ్రాసేది ఆ కంపెనీ తన గురించి తాను అచ్చువేసుకున్న సంగతులే అవుతాయి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగిరినట్టవుతుంది.

ఈ శాస్త్రం పుట్టింది కూడా కొట్లలోనూ, కొలుముల్లోనూ. ఫిలడెల్ఫియాలో ఇనుము వ్యాపారం చేసిన జోసెఫ్ వార్టన్ 1881లో డబ్బిచ్చి అక్కడి విశ్వవిద్యాలయంలో వ్యాపార విద్యాలయం పెట్టించాడు. మన వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1957లోనే ఎం.బి.ఏ. మొదలుపెట్టింది. వ్యాపారి చేస్తున్న పనిని పక్కన నిలబడి చూసి, లెక్కకట్టి, ఎందుకిలా చేస్తున్నాడని అడగడమే ఈ చదువు. పుస్తకాలు లావెక్కాక ఆ సంగతి మరుగున పడింది.

ఒక చిన్న పల్లెలో ఒక విద్యార్థిని చేసిన పని ఎంతదూరం వెళ్ళగలదో చెబుతాను వినండి. 1976లో బంగ్లాదేశ్‌లో చిట్టగాంగు విశ్వవిద్యాలయం పక్కన జోబ్రా అనే పల్లెలో జరిగింది. అర్థశాస్త్రం చెప్పే మహమ్మద్ యూనుస్ అనే ఆచార్యుడు తన విద్యార్థిని ఒకామెతో జాబితా వ్రాయించాడు. ఈ ఊళ్ళో వర్తకుల దగ్గర అప్పు తెచ్చి బుట్టలో, పీటలో అల్లుకుని బతికేవాళ్ళెవరు, ఎవరికెంత బాకీ? తేలినవారు 42 మంది. అందరి బాకీ కలిపితే 856 టాకాలు. అప్పటి లెక్కలో 27 డాలర్ల లోపు. ఇంత చిన్న మొత్తానికి ఇందరు కట్టుబడి ఉన్నారా అని ఆయన తన జేబులోంచి ఇచ్చాడు. తర్వాత గ్రామీణ బ్యాంకు పుట్టింది, 2006లో ఆయనకూ ఆ బ్యాంకుకూ నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ బాటలోనే బయలుదేరిన సూక్ష్మ ఋణ సంస్థల వసూళ్ళు మన దగ్గర ఎంత గొడవకు దారితీసి, 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవలసి వచ్చిందో మీకు జ్ఞాపకముండే ఉంటుంది. కనుక ఆ బ్యాంకును పొగడడానికి ఇది చెప్పడం లేదు. ఆ జాబితా కోసం చెబుతున్నాను. దానికి పట్టింది ఒక పుస్తకం, ఒక పెన్సిలు, గడప గడపకూ తిరిగే ఓపిక.

అమ్మాయీ, ఇక నీతో మాట్లాడతాను. మీ అమ్మగారు ఈ పేజీ నీకు చదివి వినిపిస్తారని నా నమ్మకం.

నీ పాఠ్యపుస్తకంలో "వర్కింగ్ కాపిటల్" అని ఒక అధ్యాయం ఉండాలి. అరువు ఇచ్చిన సరుకు డబ్బు ఎన్ని రోజులకు తిరిగి వస్తుందో లెక్క కట్టడం అందులో నేర్పుతారు. ఇప్పుడు మీ ఊళ్ళో చిల్లర కొట్టు గుర్తు తెచ్చుకో. కొట్టాయన ఒక పొడుగాటి పుస్తకం తీసి, బియ్యం, నూనె, చింతపండు, సబ్బు అని ఎవరి పద్దు కింద వాళ్ళది వ్రాసుకుంటాడు. ఆ అధ్యాయం అంతా ఆ పుస్తకంలో ఉంది. మరి ఆ బాకీలు ఎప్పుడు తీరతాయి? చెనిక్కాయ పండినప్పుడు. చెనిక్కాయ ఎప్పుడు పండుతుంది? వాన పడినప్పుడు. మీ ప్రాంతంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. పడమటి కనుమల చాటున ఉండడం వల్ల నైరుతి మేఘం సగం ఖాళీ అయి వస్తుంది. బంగాళాఖాతం మీది ఈశాన్య మేఘం మీ దాకా వచ్చేసరికి అలిసిపోతుంది. ఆ పడేదయినా అదనుకు పడుతుందని నమ్మకం లేదు. అంటే మీ కొట్టాయన వర్కింగ్ కాపిటల్ మేఘాల చేతుల్లో ఉంది. పట్నంలో పుట్టిన విద్యార్థికి ఇలాటి అంశం దొరకమన్నా దొరకదు.

లెక్క వేసి చూపిస్తాను. సులువుగా ఉండడానికి అంకెలు నేనే కల్పిస్తున్నాను, నువ్వు నిజమైనవి తెచ్చి వేసుకో. ఒక కొట్లో నెలకు లక్ష రూపాయల సరుకు పోతుందనుకో. 60 వేలు రొక్కం, 40 వేలు అరువు. అరువు నెల తిరిగేసరికి వసూలయితే ఆయన డబ్బు ఎప్పుడు చూసినా 40 వేలు బయట ఉంటుంది. జూలైలో విత్తు పడ్డది మొదలు కాయ అమ్మి డబ్బు చేతికి వచ్చేదాకా అయిదు నెలలు ఎవరూ కట్టలేకపోయారనుకో. అది రెండు లక్షలవుతుంది. ఆయన టోకు వర్తకుడికి కట్టడానికి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి తెస్తే, 40 వేల మీద వడ్డీ 800, రెండు లక్షల మీద 4,000. తేడా 3,200. లక్ష రూపాయల అమ్మకం మీద అంటే రూపాయికి మూడు పైసలు దాటింది.

ఆ మూడు పైసలు ఎవరు మోస్తున్నారు? నీ థీసిస్‌కు ఈ ఒక్క ప్రశ్న చాలు. సరుకు ధరలో కలిపి రొక్కం ఇచ్చేవాళ్ళ దగ్గర కూడా రాబట్టుకుంటున్నాడా? అరువు వాళ్ళకు ఒక ధర, రొక్కం వాళ్ళకు ఒక ధర ఉందా? తన లాభంలోంచే పోగొట్టుకుంటున్నాడా? లేక టోకు వర్తకుడు గడువు ఇచ్చి భరిస్తున్నాడా? నాకూ తెలియదు, నీ అధ్యాపకులకూ తెలియదు. మూడేళ్ళ పద్దులు తిరగేస్తే తేలుతుంది. అందులో ఒక మంచి వానల ఏడూ, ఒక ఎండిన ఏడూ ఉండేటట్టు చూసుకో. అప్పుడు రెంటినీ పోల్చి చూపవచ్చు.

అయితే పుస్తకం అడగడంలో ఒక పద్ధతి ఉంది. కొట్టాయన దగ్గరకు బేరం లేని మధ్యాహ్నం పూట వెళ్ళు. ఎందుకడుగుతున్నావో దాచకుండా చెప్పు. ఎవరి పేరూ వ్రాయనని మాట ఇచ్చి, ఆ మాట నిలబెట్టుకో. పేరుకు బదులు ఒకటో ఇల్లు, రెండో ఇల్లు అని అంకె వేసుకో. ఆయన పేరు కూడా అంతే. ఆయన వద్దంటే నమస్కారం పెట్టి ఇంకో కొట్టుకు వెళ్ళు. అన్నిటికన్న ముఖ్యం, పద్దులో చూసింది బావి దగ్గర చెప్పకు. ఫలానా వాళ్ళకింత బాకీ అని ఊళ్ళో పొక్కిందంటే పోయేది నీ మార్కులు కాదు, వాళ్ళ పరువు.

ఇళ్ళకు వెళ్ళినప్పుడు "మీరు చాలా సంతృప్తి చెందారా, సంతృప్తి చెందారా, చెందలేదా" అనే అయిదు గడుల ప్రశ్నపత్రం పట్టుకుపోవద్దు. మన పల్లెవాళ్ళు మర్యాదస్తులు. చదువుకునే పిల్ల అడిగిందని అందరూ "బాగానే ఉందమ్మా" అంటారు. నూటికి తొంభైమంది సంతృప్తి అని నువ్వు బొమ్మ గీస్తావు. దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు. అత్తగారి ఎదుట కోడల్ని "అప్పెంత?" అని అడగడం అంతకన్న తప్పు. పండగలతో అడుగు. ఉగాదికి కొట్లో బాకీ ఉందా? వినాయక చవితికి? సంక్రాంతికి తీరిందా, కొంత మిగిలిందా? తేదీలు గుర్తు లేనివాళ్ళకు కూడా పండగకి ఎలా ఉన్నామో గుర్తుంటుంది. ముప్ఫై ఇళ్ళు సరిగ్గా అడిగితే, మూడు వందల ఇళ్ళని వరండాలో కూర్చుని కల్పించినదానికన్న మేలు. విన్నది ఆ రాత్రే వ్రాసుకో, తెల్లవారితే సగం మారిపోతుంది.

"పూర్వ పరిశోధనలు" అనే అధ్యాయానికి కూడా అద్దె పేజీలు అక్కరలేదు. రిజర్వు బ్యాంకు 1951-52లో దేశంలో 75 జిల్లాల్లో 600 గ్రామాలు ఎంచుకుని రైతుల అప్పుల సంగతి విచారించింది. గోర్వాలా గారి సంఘం 1954లో దాన్ని ప్రకటించింది. రైతు తెచ్చుకునే అప్పులో సహకార సంఘాల వాటా 3.1 శాతం అనీ, వడ్డీ వ్యాపారుల వాటా 70 శాతం దగ్గర అనీ అందులో తేలింది. దేశం సహకార పరపతి మీద ఆ తర్వాత పెట్టిన శ్రద్ధకు ఆ 3.1 అనే అంకె ఒక కారణం. నీ ముప్ఫై ఇళ్ళ లెక్క దానికి చిన్న చెల్లెలు. ఆనాటికీ ఈనాటికీ మధ్య బ్యాంకులు వచ్చాయి, 1992 నుంచి స్వయం సహాయక సంఘాలకు బ్యాంకు అప్పులు వచ్చాయి. ఇన్ని వచ్చాక కూడా ఉప్పూ పప్పూ అరువుకు కొట్టే గతి ఎందుకవుతోంది? అది నీ రెండో అధ్యాయానికి తగిన ప్రశ్న.

పోల్చి చూడడానికి మీ జిల్లాలోనే ఇంకో దారి పట్టినవాళ్ళున్నారు. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ అనే సంస్థ మొదలయింది. దాని ఆసరాతో 1992 నుంచి ఆడవాళ్ళు పొదుపు సంఘాలు పెట్టుకున్నారు. 2008లో ధరణి అనే రైతుల సహకార సంఘం ఏర్పడింది. చిరుధాన్యాలూ, చెనిక్కాయలూ ఎరువులూ మందులూ లేకుండా పండించి తామే అమ్ముకోవడానికి. ఇలాటి సంఘాలకు దారి తీసింది 1995లో మన రాష్ట్రం చేసిన పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం. అక్కడికి ఒక్కసారి వెళ్ళి వస్తే కొట్టు అరువుకూ సంఘం అప్పుకూ తేడా ఏమిటో నీ కళ్ళతో చూస్తావు.

కొట్టు కుదరకపోతే ఇంకేదీ లేదనుకోవద్దు. ఒక ఎకరం చెనిక్కాయకు విత్తనం, సేద్యం, కలుపు, పీకుడు, వలుపుడు అన్నీ కలిపి ఎంతవుతుంది, కాయ ఏ ధరకు అమ్మితే పెట్టుబడి వస్తుంది అన్నది కూడా మంచి థీసిసే. పుస్తకంలో దాన్ని "బ్రేక్ ఈవెన్" అన్నారు. కదిరి పరిశోధనా కేంద్రం వారి కొత్త రకాలు వేసిన ఎకరానికీ, పాత విత్తనం వేసిన ఎకరానికీ ఆ ధర ఎంత తేడా వస్తుందో చూడవచ్చు. చింతపండు కొట్టే ఆడవాళ్ళ కూలి, గొర్రెల మంద లాభనష్టాలు, ధర్మవరం చీర మగ్గం మీద ఉన్నన్నాళ్ళు పట్టు డబ్బు ఎవరిది అన్నది, ఇవన్నీ వ్యాపార శాస్త్రమే.

ఇంగ్లీషు రాదని భయపడుతున్నావేమో. ముందు తెలుగులో వ్రాయి. మీ అమ్మకు చదివి వినిపించు. ఆమెకు అర్థమయితే విషయం సరిగ్గా ఉన్నట్టు. అప్పుడు చిన్న చిన్న వాక్యాలుగా ఇంగ్లీషులో పెట్టు. "ఈ కొట్టులో, ఈ మూడేళ్ళలో, ఈ ముప్ఫై ఇళ్ళలో ఇలా ఉంది" అని వ్రాయి. రాయలసీమ అంతా ఇలాగే ఉందని వ్రాయకు, అది నువ్వు చూడలేదు. ఎవరయినా జవాబు చెప్పకపోతే చెప్పలేదని వ్రాయి. చివర "సూచనలు" అనే చోట ప్రభుత్వం ఇది చెయ్యాలి అది చెయ్యాలి అని ఉపన్యాసం వద్దు. ఆ కొట్టాయన రేపు ఉదయం చెయ్యగలిగింది ఒక్కటి దొరికితే అది చెప్పు.

మళ్ళీ తల్లిగారితో ఒక మాట. ఆ ఆవర్జాలో మీ ఇంటి పద్దు కూడా ఉండవచ్చు. అమ్మాయి ఆ పేజీ దగ్గరకు రాగానే మీకు మనసు చివుక్కుమంటుంది. దాచమని కొట్టాయనకు కబురు పెట్టకండి. తన పుస్తకాలూ, బస్సు చార్జీలూ, రెండు జతల బట్టలూ ఏ నెలలో ఎవరి అరువు మీద నడిచాయో ఆ పిల్ల తెలుసుకోనివ్వండి. ఆమె కూడా ఒక ఇంటి అంకె వేసుకుని, మిగిలిన ఇరవై తొమ్మిదింటితో పాటు కూడి, సగటు తీస్తుంది. బాకీ ఉన్న ఇల్లు తమదొక్కటే కాదని అప్పుడు తెలుస్తుంది.

బుక్కు కొనడానికి తీసి పెట్టిన డబ్బులో ఒక గట్టి అట్ట నోటుబుక్కూ, చెన్నేకొత్తపల్లికీ కదిరికీ బస్సు చార్జీలూ, ఆఖర్న టైపు ఖర్చూ వెళ్ళిపోతాయి. కొంత మిగులుతుంది. ఆ మిగిలినదానితో తెలుగులో పది పేజీల ప్రతి ఒకటి తీయించి కొట్టాయనకు ఇప్పించండి. ఎండిన ఏడు తనకు రూపాయికి ఎన్ని పైసలు పడిందో ఆయన కూడా ఇంతవరకూ లెక్క కట్టుకుని ఉండడు.